ఒక బీటా కీ, ఒక కేబుల్ ఆఫీసు, మా అమ్మాయి లెక్కల మేడం

నిన్న రాత్రి పదకొండున్నరకి నేను ఆడుతున్న ఆన్‌లైన్ ఆట సర్వర్లు ఆపేశారు. రెండు రాత్రులు నిద్ర మానుకుని పెంచుకున్న నా వైద్యుడు 14వ లెవెల్లో ఉండగానే తెర నల్లబడిపోయింది. సంచిలో మూలికలు, వాగు దాటుతుంటే దొరికిన వెండి కర్ర, అన్నీ పోయాయి. టెస్టు అయ్యాక అందరివీ తుడిచేస్తామని వాళ్ళు ముందే చెప్పారు, దాన్నే వైప్ అంటారు. తెలిసి కూడా ప్రాణం ఉసూరుమంది. ఆ ఉసూరు ఒకవైపు, నాలుగు రోజుల టెస్టులో రెండు రోజులు తినేసిన మా కేబుల్ ఆఫీసు మీద కోపం ఇంకోవైపు. చల్లారకముందే రాసేస్తున్నా.

ఆట పేరు చెప్పను. బయట ఎక్కడా మాట్లాడనని ఒప్పందానికి టిక్కు పెట్టి లోపలికెళ్ళాను. వేలమంది ఒకే లోకంలో ఒకేసారి తిరిగే రోల్ ప్లేయింగ్ గేమ్, ఇంకా విడుదల కాలేదు, ముందుగా కొంతమందిని పిలిచి ఆడించుకునే క్లోజ్డ్ బీటా. ఇంతవరకు చెబితే తప్పులేదనుకుంటా. పైన వెండి కర్ర అన్నానా? అది మర్చిపోండి.

నా సంగతి: విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాను. ఇల్లు పటమట. వయసు 41. నన్ను ఇందులోకి దింపింది మా బావమరిది, గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు. వాడు ముందు నిలబడి దెబ్బలు తినే టాంక్, నేను వెనకనుంచి మందు వేసే హీలర్. పెళ్ళిలో కూడా మా వరస దాదాపు ఇంతే.

దరఖాస్తు తేలిక. మీ కంప్యూటర్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డు, ఎంత ర్యామ్, వారానికి ఎన్ని గంటలు ఆడతారు అని అడుగుతారు. మంచి కార్డు ఉంటేనే పిలుస్తారని అబద్ధాలు రాయకండి, వాళ్ళకి పాత మెషీన్లవాళ్ళు కూడా కావాలి. కీ, అంటే లోపలికి వెళ్ళడానికి ఇచ్చే కోడ్, వచ్చిన మెయిల్ ప్రమోషన్స్‌లో చీరల ఆఫర్ల మధ్య పడి ఉంది. బావమరిది ఫోన్ చేసి "బావా, నీకు రాలేదా?" అని అడక్కపోతే అలాగే పోయేది.

టైము దగ్గర నేనే తప్పు చేశా. గురువారం పొద్దున పదింటికి మొదలు అన్నారు, అమెరికా పడమటి తీరం లెక్క. మనకి రాత్రి పదిన్నర అనుకుని కూర్చున్నా. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారట. పదకొండున్నర దాకా గోళ్ళు గిల్లుకున్నా. డౌన్‌లోడ్ 80 జీబీ పైన. రాత్రి పెట్టి పడుకోండి, పాత హార్డ్ డిస్కులో కాకుండా ఎస్‌ఎస్‌డీలో వేసుకోండి, లేకపోతే అందరూ ఊళ్ళోకి వచ్చేసరికి మీకు ఇళ్ళు కాకుండా బూడిదరంగు డబ్బాలు కనిపిస్తాయి.

ఇక అసలు కథ.

పదకొండున్నరకి పాస్‌వర్డ్ కొట్టా. లోపలికి తీసుకోలేదు. "మీ నెట్‌వర్క్ చిరునామా నుంచి అనుమానాస్పద కార్యకలాపాలు జరిగినందువల్ల ప్రవేశం నిలిపివేయబడింది." నేనా అనుమానాస్పదం? మా ఇంట్లో ఆ రోజు జరిగిన కార్యకలాపం అల్లా మా ఆవిడ కార్తీక పురాణం విన్నది, మా అమ్మాయి ఫ్రాక్షన్స్ వీడియో చూసింది. అవతల బావమరిది అప్పటికే మూడో లెవెల్. సపోర్టుకి రాస్తే మరమనిషి జవాబు: రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యండి. వేశా. నాలుగుసార్లు వేశా.

అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించా. టక్కున లోపలికి వెళ్ళింది! కానీ ఫోన్ డేటాతో ఆట ఆగి ఆగి నడుస్తోంది, గెంతమంటే నా వైద్యుడు రెండు సెకన్లకి గెంతుతున్నాడు. పోనీలే, ఒకటి తేలింది. తప్పు కంప్యూటర్‌ది కాదు, నా ఖాతాది కాదు, ఇంటి ఫైబర్ లైనుది.

మీకూ ఇలా అయితే రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ (WAN) చిరునామా, అంటే కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన నంబరు, చూడండి. నాది 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి మన సొంతం కావు, కంపెనీవాళ్ళు లోపల్లోపల పంచుకునే నంబర్లు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు ప్రపంచం మొత్తానికి 430 కోట్లే. ఆసియాలో పంచే సంస్థ దగ్గర నిల్వ 2011లోనే అడుగంటింది. అందుకని కంపెనీలు ఒక్క చిరునామా వెనక వందల ఇళ్ళని పెడతాయి. దాన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంటుకి ఒకటే గేటు, ఒకటే డోర్ నంబరు అనుకోండి. మూడో అంతస్తువాళ్ళు పాలడబ్బులు ఎగ్గొడితే పాలవాడు మొత్తం అపార్ట్‌మెంటుకే పాలు మానేశాడు. పటమటలో ఏ పుణ్యాత్ముడు ఏ దొంగ సాఫ్ట్‌వేర్ నడిపాడో, గేటు దగ్గర నన్ను ఆపారు.

మందు తెలిసింది: సొంత చిరునామా, పబ్లిక్ ఐపీ, ఇమ్మని కంపెనీని అడగడం. శుక్రవారం భోజనం మానుకుని ఆఫీసుకి వెళ్ళా.

"నెట్ రావట్లేదా సార్?" కౌంటర్లో అమ్మాయి.

"వస్తోందమ్మా."

"స్లోగా ఉందా?"

"లేదు, బాగానే ఉంది."

"మరి?"

ఆ "మరి"కి జవాబు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. గేటు, డోర్ నంబరు, పాలవాడు అన్నీ చెప్పా. ఆ అమ్మాయి చివరిదాకా విని, "అయితే పాల ప్యాకెట్ల యాప్ ఓపెన్ అవట్లేదా సార్?" అంది. కంప్లయింట్ రాసుకుని ఇరవై నాలుగు గంటల్లో ఫోన్ వస్తుందన్నారు. సాయంత్రం నిజంగానే వచ్చింది: "సార్, మీ లైన్ చెక్ చేశాం, స్పీడ్ బావుంది, కంప్లయింట్ క్లోజ్ చేస్తున్నాం."

శనివారం షాపులో గంట పర్మిషన్ అడిగి మళ్ళీ వెళ్ళా. నెల మొదటి వారం, బిల్లు కట్టేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. ఈసారి ఓనరుగారే కూర్చున్నారు. పబ్లిక్ ఐపీ అనగానే ఆయనకి అర్థమైంది, నాకు ప్రాణం లేచొచ్చింది. "సీసీ కెమెరాలకా? షాపు పేరు మీద ఇస్తాం. జీఎస్టీ నంబరు ఇవ్వండి" అన్నారు. అక్కడ "అవును, కెమెరాలకే" అని ఉంటే అయిపోయేది. మీరు ఆ మాటే చెప్పండి. నాకు అబద్ధం ఆడటం చేతకాదు, లెక్కలు రాసేవాణ్ణి.

"కెమెరాలకి కాదండీ. ఒక గేమ్ కోసం."

"గేమా? ఆన్‌లైన్ గేమా? అవి బ్యాన్ చేశారు కదండీ!"

ఆయన గొంతు మామూలుగానే మైకు. వెనకున్నవాళ్ళంతా ఫోన్లలోంచి తలెత్తారు. మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అంటే రమ్మీ, రమ్మీ అంటే అప్పులు. ఒక పెద్దాయన అప్పుడే "మా పక్కింటి కుర్రాడు మూడు లక్షలు పోగొట్టాడండీ" అని మొదలుపెట్టారు. నేను ఊరుకోవాల్సింది. వెనక్కి తిరిగి, మన రాష్ట్రం 2020లో ఆపింది డబ్బు పెట్టి ఆడే రమ్మీలాంటివాటిని, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు ఆటలకే, మామూలు ఆటలకి కాదు, పైగా ఈ-స్పోర్ట్స్‌ని, అంటే వీడియో గేమ్ పోటీలని, ప్రోత్సహిస్తామని అదే చట్టంలో ఉంది, అని ఉపన్యాసం ఇచ్చా. ఇంత చట్టం తెలిసినవాడు ఎంత పోగొట్టుకున్నాడో అన్నట్టు చూశారందరూ.

"మరి ఆ గేమ్‌లో మీరేం చేస్తారండీ?" పెద్దాయన నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"వైద్యం చేస్తా" అన్నా.

అప్పుడు లైన్లో ఐదో మనిషి ముందుకొచ్చి, "మీరా సార్!" అన్నారు. మా అమ్మాయి లెక్కల మేడం. ఏడో తరగతి. "మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో పాప ఫోన్ చూడటం తగ్గించమంటే, మా ఇంట్లో గేమ్స్ అన్నీ మాన్పించేశానండీ అన్నారు మీరే."

నిజమే, అన్నాను. పాపవి మాన్పించా. నావి అనలేదు. కానీ ఆ తేడా అక్కడ వివరించే మగాడు ఎవడైనా ఉంటే వాడికి దణ్ణం. మేడం నవ్వలేదు. నవ్వితే బాగుండేది. బిల్లు కట్టేసి, "ఫ్రాక్షన్స్‌లో వీక్‌గా ఉందండీ, కాస్త కూర్చోబెట్టండి" అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఓనరుగారు ఫారం ఇచ్చారు, "కారణం" అన్న గడిలో తన చేత్తోనే "గేమ్స్" అని రాశారు, సోమవారం చూద్దామన్నారు. సోమవారం రాత్రికి టెస్టే అయిపోతుంది.

బయటకొచ్చి బండి తీస్తుంటే నిచ్చెన భుజాన వేసుకుని లైను చూసే కుర్రాడు వచ్చాడు, ఇరవై ఏళ్ళుంటాయి. "సార్, లోపల విన్నా. ఏ గేమ్?" అన్నాడు. ఒప్పందం ఉంది కదా, ఫోన్‌లో మెయిల్ చూపించా, నోటితో చెప్పలేదు. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "నేనూ పెట్టా సార్, నాకు కీ రాలేదు!" ఇంటికొచ్చి రౌటర్ వెనక స్టిక్కర్ ఫొటో తీసుకున్నాడు, నెట్‌వర్క్ రూములో ఎవరినో "అన్నా, అర్జెంటు" అన్నాడు. నాలుగు నిమిషాలు. నా చిరునామా మారిపోయింది. ఏడాదికి రెండున్నర వేలు, రసీదు సోమవారం. రెండు రోజులు కౌంటర్ చుట్టూ తిరిగిన పని. ఏ ఊళ్ళోనైనా సరే, కౌంటర్‌ని నమ్ముకోకండి, స్తంభాలెక్కే కుర్రాణ్ణి పట్టుకోండి. వాడిని ఆ రాత్రి మా ఇంట్లోనే గంటసేపు ఆడించా. ఒప్పందంలో అది కూడా కుదరదేమో, చదవలేదు.

ఆడటం గురించి చెప్పాలి కదా. మొదట క్యూ. నలభై నిమిషాలు. ఇది మామూలే, విసుక్కోకండి. 2021 సెప్టెంబరులో న్యూ వరల్డ్ అనే ఇలాంటి ఆటే విడుదలైనప్పుడు జనం గంటలకొద్దీ క్యూలో ఉన్నారు, అదే ఏడాది డిసెంబరులో ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆట కొత్త భాగానికి జనం ఎక్కువై కంపెనీ అమ్మకాలే కొన్నాళ్ళు ఆపేసుకుంది. పింగ్, అంటే మనం నొక్కింది సర్వర్‌కి వెళ్ళి జవాబు రావడానికి పట్టే టైము, నాకు సింగపూర్ సర్వర్‌కి 60 మిల్లీసెకన్ల పైచిలుకు. విజయవాడ నుంచి గీత గీస్తే సింగపూర్ మూడు వేల కిలోమీటర్లు ఉంటుంది. గాజుతీగలో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రానూ పోనూ 30 మిల్లీసెకన్లు ఎవడూ తగ్గించలేడు. తీగ చెన్నై చుట్టూ తిరిగి సముద్రంలో దిగాలి, అక్కడ మిగతాది. అమెరికా సర్వర్ ఎంచుకుంటే 250 దాటుతుంది, హీలర్‌గా మీరు మందు వేసేసరికి మనిషి పోయి ఉంటాడు. బావమరిది మూడుసార్లు పోయాడు. అందులో రెండు పింగ్ వల్ల కాదు, వాడికి ఆగమంటే ఆగడు.

ఆదివారం సర్వర్ రెండుసార్లు పడిపోయింది. కొంతమంది చాట్‌లో బూతులు. పడిపోవడానికే కదా పిలిచింది! 1997లో అల్టిమా ఆన్‌లైన్ అనే ఆట బీటాలో ఆట తయారుచేసిన రిచర్డ్ గారియట్ రాజు వేషంలో జనం ముందుకొచ్చాడు. ఎవరూ చంపలేని రక్షణ ఉండాలి ఆయన పాత్రకి. సర్వర్ పడి లేచాక ఆ రక్షణ తిరిగి పెట్టుకోలేదు. ఒక ఆటగాడు మంట మంత్రం విసిరాడు, రాజుగారు పోయారు. బీటా అంటే అదీ. నేనూ ఒకటి పట్టుకున్నా, చెప్పుకోకపోతే ఎలా: రాతి వంతెన మీద గుర్రం దిగుతూ గెంతితే వంతెనలోంచి కిందకి జారి నీళ్ళలో పడుతున్నాం. ఎక్కడ, ఎన్నిసార్లు, ఏ గుర్రం అని వరసగా రాసి పంపా. సోమవారం మధ్యాహ్నం వచ్చిన ప్యాచ్‌లో, అంటే తప్పులు సరిదిద్దే అప్‌డేట్‌లో, ఐదో లైను అదే. నా పేరు లేదు. అయినా అది నాదే. ఆ రోజు షాపులో బాలెన్స్ షీట్ కలిసినంత ఆనందం.

డబ్బు విషయం. ఫౌండర్ ప్యాక్ అని ముందే అమ్ముతున్నారు, గుర్రానికి బంగారు జీను. కొనకండి. బావమరిది కొన్నాడు, వాడికి చెప్పా, వినలేదు. క్రానికల్స్ ఆఫ్ ఎలీరియా అని ఒక ఆట 2016లో జనం దగ్గర పది లక్షల డాలర్ల పైనే వసూలు చేసింది, 2020లో డబ్బు అయిపోయిందని సిబ్బందిని పంపించేసింది. కొనితీరాలంటే ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొనండి, విడుదల కాకముందు ఎప్పుడైనా వెనక్కి ఇచ్చేయొచ్చు. విడుదలయ్యాక రెండు వారాల్లోపు, రెండు గంటల్లోపు ఆడి ఉంటే ఇస్తారు. ముందుగా ఆడనిచ్చే ప్యాక్ తీసుకుంటే ఆ గంటలు కూడా లెక్కలోకే వస్తాయి, అక్కడ జాగ్రత్త. అలాగని మొదటి రోజు చూసి ఆట చచ్చిపోయిందని కూడా అనకండి. ఫైనల్ ఫాంటసీ 14 మొదట 2010లో వచ్చి ఛీ అనిపించుకుంది. సర్వర్లు మూసి, మళ్ళీ కట్టి, 2013లో తెచ్చారు. ఆ కట్టిందే ఇప్పటికీ నడుస్తోంది.

విడుదల వచ్చే నెల శుక్రవారం రాత్రి అంటున్నారు. షాపులో సెలవు అడిగా, గుంటూరులో బంధువుల పెళ్ళని చెప్పా. కేబుల్ ఆఫీసులో రాని అబద్ధం ఇక్కడ ఎలా వచ్చిందో తెలీదు. ఇంటికొస్తే మా ఆవిడ స్కూలు డైరీ చూపించింది. ఆ మర్నాడే శనివారం పేరెంట్స్ మీటింగ్. తను రాదట. "లెక్కల మేడం నిన్నే రమ్మన్నారట, పాప చెప్పింది" అంది. కేబుల్ ఆఫీసు రసీదు, ఫారం కూడా డైరీలోనే పెట్టి ఉన్నాయి, కారణం గడి పైకి కనిపించేలా.