వెన్ను టీబీ, అవంతి బ్రాహ్మణుడు

పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదిలోనే మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. అందుకని నడుం నొప్పి మొదలవగానే అందరూ మిషను మీదకే నెట్టేశారు. చూసిన డాక్టరుగారూ అదే అన్నారు, నొప్పి ఇంజక్షన్లు రాశారు. నెలలు గడిచాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రి ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. నేను కుట్టుకున్న జాకెట్లు నాకే వదులైపోయాయి. కాళ్ళు తిమ్మిరెక్కి అడుగు తడబడ్డాక మావారు బరంపురం తీసుకెళ్ళారు. ఎమ్మారై తీసి, వెన్నులోంచి చిన్న ముక్క పరీక్షకి పంపి, వెన్నుపూసకి టీబీ అని తేల్చారు.

ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలు మందులైతే వెన్నుకి ఏడాది. మందులు సర్కారువే, ఉచితం. తిండికి నెలకి వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబరుకి ముందు ఐదొందలే. మాత్రలు మొదలెడితే మూత్రం నారింజ రంగులో వస్తుందని, బెదరొద్దని ఆశా దీదీ ముందే చెప్పింది. మంచం దిగితే గట్టి బెల్టు కట్టుకోవాల్సిందే.

మందు ఒంట్లో పనిచేస్తోంది. మనసులో రగిలేది మాత్రం చల్లారలేదు. ఆ డాక్టరుగారిని తలచుకుంటే పళ్ళు బిగుసుకునేవి. వెన్నుకి మాత్రమే ఉన్న టీబీ మామూలుగా ఎవరికీ అంటదని బరంపురంలో చెప్పినా, మా తోడికోడలు గుమ్మంలోంచే పలకరించి వెళ్ళిపోయేది. ఒకావిడ శని అంది. ఇంకొకావిడ "ఏ జన్మలో ఏం చేసుకుందో పాపం" అంది, నాకు వినబడేలాగే.

పక్కింటి మౌసీ ఒడియావిడ. సాయంత్రం దీపం పెట్టి జగన్నాథ దాసు ఒడియాలో రాసిన భాగవతం చదువుకుంటుంది. ఆ కార్తీకంలో పుస్తకం తెచ్చుకుని నా మంచం పక్కనే కూర్చునేది. ఏకాదశ స్కంధంలో అవంతి బ్రాహ్మణుడి కథ వచ్చింది. డబ్బంతా పోయి, అయినవాళ్ళు వదిలేస్తే సన్న్యాసం పుచ్చుకుంటాడు. జనం అతని కమండలం లాక్కుంటారు, మీద ఉమ్ముతారు, తినబోయే అన్నంలో మూత్రం పోస్తారు. అప్పుడు అతనంటాడు కదా, నా సుఖదుఃఖాలకి కారణం ఈ జనం కాదు, దేవతలు కాదు, గ్రహాలు కాదు, కర్మా కాదు, కాలమూ కాదు, మనసే అని. మన పళ్ళే మన నాలుకని కరిస్తే ఎవరి మీద కోపగించుకుంటాం అని అడుగుతాడు.

"మౌసీ, మళ్ళీ చదువు" అన్నాను. కర్మ కూడా కాదట! అన్నాళ్ళూ నా గుండెల మీద ఉన్న బరువు అదే.

ఆ రాత్రి నిద్ర పట్టక వెతుక్కున్నాను. నొప్పి ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించగలను, బెల్టు అంచుకి కాస్త పైన. మరి కోపమో? డాక్టరుగారింట్లో లేదు, ఆయన హాయిగా పడుకునుంటారు. తోడికోడలి గుమ్మంలోనూ లేదు. నేనే దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాను. ఒక్కరాత్రికి పోలేదు గానీ, వచ్చినప్పుడల్లా అలాగే వెతికేదాన్ని. రానురాను రావడం తగ్గింది.

ఓర్చుకోవడమంటే చేతులు ముడుచుకోవడమని కొందరనుకుంటారు. నేను ఒప్పుకోను. గీత రెండో అధ్యాయంలో చలీ వేడీ, సుఖం దుఃఖం వచ్చిపోయేవే, "తితిక్షస్వ భారత", ఓర్చుకో అర్జునా అంటాడు కృష్ణుడు. నాలుగు శ్లోకాలు దాటగానే "యుధ్యస్వ భారత", యుద్ధం చెయ్యి అంటాడు. ఆ రెండూ ఒకే మనిషికి, ఒకే పూట చెప్పాడు. మా ఇంట్లో యుద్ధమంటే ఒక్క పూట కూడా మాత్ర తప్పకపోవడం. వాంతి వచ్చినా, ఒళ్ళు బాగుపడ్డట్టే అనిపించినా సరే.

కోర్సు పూర్తయ్యాక, మిషను ముందు మళ్ళీ కూర్చోగలుగుతున్నప్పుడు, ఫైలు పట్టుకుని ఆ మొదటి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "నాది వెన్ను టీబీ అండి. రాత్రిపూట నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్ళొస్తే ముందే స్కానింగు రాయండి" అన్నాను. గొంతు వణకలేదు. ఆయన ఫిల్మును కిటికీ వెలుతురుకెత్తి చాలాసేపు చూశారు. తర్వాత కాళ్ళ తిమ్మిరి ఎప్పుడు మొదలైందమ్మా అని అడిగి, నేను చెప్తుంటే రాసుకున్నారు.