కొవ్వూరు బ్రిడ్జి మీద
మొన్న కొవ్వూరు నుంచి రాజమండ్రికి బండి మీద వస్తుంటే బ్రిడ్జి మధ్యలో కాళ్ళ కింద గడగడమంది, చూస్తే కింద రైలు పోతోంది! చిన్నప్పుడు నాన్న స్కూటర్ ముందు నిలబడి దీనికోసమే కాచుకునేవాణ్ణి. 1974లో తెరిచిన రోడ్ కం రైల్ బ్రిడ్జి ఇది, పైన రోడ్డు, కింద పట్టాలు, రెండిటినీ మోసేది ఇనప త్రికోణాలు అల్లిన ట్రస్సులే, త్రికోణం అయితే బరువు పడినా ఆకారం మారదు కదా, అదీ సంగతి. పక్కన 1900 నాటి హేవలాక్ వంతెన 1997లోనే రిటైరైంది, పాపం ఖాళీగా నిలబడి ఉంది. అప్పట్లో బ్రిడ్జి దాటితే జిల్లా మారేది, 2022 నుంచి రెండు ఒడ్లూ తూర్పు గోదావరే, మా కొవ్వూరోళ్ళకి ఇంకా అలవాటవ్వలేదు. రోడ్డు మాత్రం ఇరుకు, ఎదురుగా లారీ వస్తే గోదారి చూడ్డం మర్చిపోవాల్సిందే.