పత్తి ఎండబెట్టుకుంటేనే మద్దతు ధర

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమ ఉన్న పత్తికి. ఆపైన ప్రతి శాతానికి ఒక శాతం, అంటే సుమారు 81 రూపాయలు కోస్తారు. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) తీసుకోదు. ఇక దళారి చెప్పిందే రేటు.

తేమ పెరిగేది ఎక్కువగా ఏరేటప్పుడే. మంచు ఆరాక, పొద్దెక్కాకే ఏరించండి. కూలీలు తెల్లారే వస్తామంటారు, ఒప్పుకోకండి. ఏరినదాన్ని పరదా మీద పలచగా పరిచి, మధ్యలో తిరగేస్తూ రెండు రోజులు ఎండబెట్టాలి. గింజ కొరికితే టక్కున పగలాలి, మెత్తగా నలిగితే ఇంకా ఆరనట్టే. యూరియా సంచుల్లో కుక్కితే ప్లాస్టిక్ పోగులు దూదిలో కలుస్తాయి. గుడ్డ బోరాలే వాడండి. వానకు తడిసిన పత్తి, పురుగు పట్టి పుచ్చిన కాయల పత్తి విడిగా పెట్టండి. గుప్పెడు కలిసినా బండి మొత్తానికి రేటు తెగుతుంది.

సీసీఐకి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ ముందే పెట్టుకోండి. అన్నిటికంటే బాధ, పురుగుమందుల కొట్టు అప్పు. అప్పిచ్చిన ఆ కొట్టువాడికే పత్తి అమ్మాల్సి వస్తే ఈ జాగ్రత్తంతా వాడి లాభానికే పోతుంది. ఆరబెట్టక తేమ 12 శాతం ఉంటే పడే 4 శాతం కోత, పది క్వింటాళ్లకు 3,244 రూపాయలు, కొన్నిచోట్ల పది మంది కూలీల రోజు కూలి.