మిల్టన్ చూడని ఇల్లు

మా పెదనాన్న తెనాలిలో ముప్ఫయ్యేళ్లపాటు డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పారు. మొన్న సెప్టెంబరులో లండన్ శివారు హారోలో మా ఇంటికి వచ్చారు. వచ్చిన రెండో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఏమ్మా, మిల్టన్ ఇల్లు ఇక్కణ్ణుంచి ఎంత దూరం?" అని అడిగారు. ఎనిమిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా ఆ ఇంగ్లిష్ మహాకవి ఇల్లెక్కడో నాకు తెలియదు. ఫోన్లో చూస్తే మా మెట్రోపాలిటన్ రైలు లైన్ మీదే వెళ్లొచ్చు.

ఆ శనివారం చాల్‌ఫాంట్ అండ్ లాటిమర్ స్టేషన్లో దిగి, టాక్సీ మాట్లాడుకుని చాల్‌ఫాంట్ సెయింట్ జైల్స్ చేరాం. చిన్న ఊరు. రోడ్డు పక్కనే ఎర్ర ఇటుకల గోడలు, మధ్యలో పాత దూలాలు, పైన పెంకులు. పదహారో శతాబ్దం నాటి ఇల్లు. గుమ్మం దగ్గర పెదనాన్న చెప్పులు విప్పబోతే, ఇక్కడ అక్కర్లేదని ఆపాను.

లోపల కప్పు తక్కువ ఎత్తులో ఉంది, తల కాస్త వంచే నడిచాం. గాజు పెట్టెలో మిల్టన్ కావ్యం ప్యారడైజ్ లాస్ట్ తొలి ముద్రణ ప్రతి కనిపించగానే పెదనాన్న ఆగిపోయారు. "1667. ఐదు పౌండ్లకిచ్చాడమ్మా దీన్ని" అన్నారు. శామ్యూల్ సిమన్స్ అనే ముద్రాపకుడితో ఒప్పందం అది. చేతికి ఐదు పౌండ్లు, మొదటి ముద్రణలో 1,300 ప్రతులు అమ్ముడయ్యాక ఇంకో ఐదు. పదివేల పాదాలకు పైగా ఉన్న కావ్యానికి!

జాన్ మిల్టన్ లండన్లో పుట్టాడు, 1608 డిసెంబరు 9న, బ్రెడ్ స్ట్రీట్‌లో. ఆ ఇల్లు 1666 నాటి పెద్ద అగ్నిప్రమాదంలో పోయింది. తర్వాత చాలా ఇళ్లు మారాడు. ఆయన ఉన్నవాటిలో ఇవాళ్టికి మిగిలింది ఇదొక్కటే. ఇందులో ఉన్నది కూడా కొన్ని నెలలే. అప్పటికి చూపు పోయి పదమూడేళ్లు. అంటే, మనం చూడగలిగే ఆ ఒక్క మిల్టన్ ఇంటిని మిల్టన్ చూడనే లేదు. ఈ సంగతి తట్టాక నాకు ఆ గదుల్లో గోడల మీది బొమ్మలు చూడాలనిపించలేదు. తలుపు గడియ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను.

1665లో లండన్లో ప్లేగు. జనం ఊరొదిలి పోతున్నారు. గుడ్డివాడు, పైగా ప్రభుత్వానికి గిట్టనివాడు ఎక్కడికి పోతాడు? 1649లో రాజు తల నరికించడాన్ని సమర్థిస్తూ పుస్తకాలు రాసిన మనిషి ఆయన. 1660లో రాచరికం తిరిగొచ్చాక ఆ పుస్తకాలను తగలబెట్టారు, ఆయన్ని కొన్నాళ్లు జైల్లో పెట్టారు. అలాంటివాడికి ఈ ఇల్లు వెతికిపెట్టింది థామస్ ఎల్‌వుడ్ అనే కుర్రాడు. క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. అంతకుముందు రోజూ మిల్టన్ ఇంటికొచ్చి లాటిన్ పుస్తకాలు చదివి వినిపించేవాడు. ఆయనకు వినికిడి, ఇతనికి చదువు. గురువుగారు ఈ ఊరొచ్చే సమయానికి ఎల్‌వుడ్ తన మతం కారణంగానే జైల్లో ఉన్నాడు. విడుదలయ్యాక చూడ్డానికి వస్తే, మిల్టన్ ఒక రాతప్రతి చేతిలో పెట్టి, తీసుకెళ్లి తీరిగ్గా చదివి ఎలా ఉందో చెప్పమన్నాడు. అదే ప్యారడైజ్ లాస్ట్. తిరిగిస్తూ ఎల్‌వుడ్ అడిగాడు: పోగొట్టుకున్న స్వర్గం గురించి ఇంత చెప్పావు, దొరికిన స్వర్గం గురించి ఏం చెబుతావు? మిల్టన్ జవాబివ్వలేదట, ఆలోచిస్తూ కూర్చున్నాడట. తర్వాత ప్యారడైజ్ రీగెయిన్డ్ చూపించి, ఇది నీవల్లే వచ్చిందన్నాడు. ఈ మాటలన్నీ ఎల్‌వుడ్ తన జీవితకథలో రాసుకున్నవే.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఆ కుర్రాడి ప్రశ్న. అంత పెద్ద పండితుడి ముందు నిలబడి అడిగాడు.

పెదనాన్నకు మాత్రం రాత గురించే ధ్యాస. రాత్రుళ్లు పాదాలు మనసులో కట్టుకుని, పొద్దున ఎవరో ఒకరు వచ్చేదాకా మోసేవాడట మిల్టన్. రాసేవాళ్లు ఆలస్యమైతే, నన్ను పితకాలి అనేవాడట, పొదుగు నిండిన ఆవులాగా. "మన అవధానులు ధారణ అంటారు చూడు, అదీ!" అని పెదనాన్న పొంగిపోయారు. కవిత్వం ఆయనకు సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకానే ధారగా వచ్చేదని మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ రాశాడు. మేం వెళ్లిందీ సెప్టెంబరు చివరే.

మిల్టన్ కూతుళ్ల సంగతి తలుచుకుంటే నాకు బాధేసింది. అర్థం కాని భాషల పుస్తకాలు గంటల తరబడి తండ్రికి చదివి వినిపించారు. భాష నేర్పకుండా ఉచ్చారణ మాత్రం నేర్పాడు. మహాకవే, కానీ ఇది న్యాయం కాదు. పెదనాన్నతో అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాదమ్మా" అని మాత్రం అన్నారు.

ఇంటి వెనక తోట ఉంది. ఆయన కావ్యాల్లో వచ్చే మొక్కల్ని ఏరి పెంచుతున్నారు. బెంచీ మీద కూర్చుని పెదనాన్న ప్యారడైజ్ లాస్ట్ మూడో సర్గలో వెలుగును పిలిచే పాదాలు చదివారు. ఏడాదితోపాటు ఋతువులు తిరిగొస్తాయి, నాకు పగలు మాత్రం తిరిగిరాదు అనే చోట గొంతు ఆగింది. క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! పక్కన రోజా ఇంకా పూస్తూనే ఉంది.

ఈ ఇంటిని 1887లో జనం చందాలేసుకుని కొని నిలబెట్టారు. విక్టోరియా రాణి కూడా ఇరవై పౌండ్లు ఇచ్చింది.

వచ్చేముందు విజిటర్స్ బుక్ తెరిచి పెదనాన్నకు పెన్ను ఇచ్చాను. ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. "నువ్వు రాయమ్మా, నేను చెబుతా" అన్నారు. తెలుగులోనే చెప్పారు: "అయ్యా, ముప్ఫయ్యేళ్లు మీ పాఠం చెప్పాను. ఇవాళ మీ ఇంటికొచ్చాను." రాసి, ఒకసారి చదివి వినిపించాను. 'ఇంటికొచ్చాను'లో 'కొ'కు దీర్ఘం పడిందేమో చూడమన్నారు. పడలేదు.