వెర్మీర్ 'ముత్యపు చెవిపోగు అమ్మాయి'కి నకలు వేయడం: నా అనుభవం

డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ఈ బొమ్మను ఎవరో ఒకమ్మాయి చిత్రపటం అనుకుంటారు చాలామంది. నిజానికి ఇది 'ట్రోనీ'. ఫలానా మనిషి పోలిక కోసం కాకుండా ఒక చూపు, ఒక వేషం, ముఖం మీద పడే వెలుగు కోసం వేసిన తలను డచ్ వాళ్లు అలా అంటారు. వేసింది 1665 ప్రాంతంలో, ఉన్నది నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో. కొలత 44.5 × 39 సెంటీమీటర్లే కాబట్టి అసలు సైజులోనే తైలవర్ణాల్లో వేయొచ్చు.

మ్యూజియం పెట్టిన పెద్ద ఫొటోను అదే కొలతకు ప్రింటు తీయించాను. ఫోన్ తెర చూసి వేస్తే నీడలు లేతగా వచ్చేస్తాయి, తెరే వెలుగుతుంది కదా. కాస్త పెద్ద కాన్వాస్ తీసుకుని లోపల ఈ కొలత గీసి, ప్రింటు మీదా దాని మీదా 5 సెంటీమీటర్ల గళ్లు వేసుకున్నాను. గడ్డం, కళ్లు, పెదాలు, తలగుడ్డ అంచు గీస్తే చాలు. ముక్కు దూలానికి మాత్రం గీత వద్దు. ప్రింటును దగ్గరగా చూడండి: దూలం, దాని అవతలి బుగ్గ ఒకే వెలుగులో కలిసిపోయి ఉంటాయి. ముక్కు ఉందని మనకు చెప్పేది ముక్కుపుటం, కొన, ఇవతలి నీడ. అక్కడ గీత పడిందా, ముఖం బల్లపరుపుగా అయిపోతుంది.

తర్వాత బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో కొంచెం నలుపు కలిపి, టర్పెంటైన్‌తో పలుచన చేసి నీడలన్నీ పరిచాను. వెర్మీర్ కూడా కింద గోధుమ, నలుపు రంగులతోనే వెలుగునీడలు కట్టాడని 2018లో మొదలైన పరిశోధనలో తేలింది. ఈ పొర ఆరడానికి రెండు రోజులు వదిలేశాను.

చర్మానికి తెలుపు, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), చిటికెడు వెర్మిలియన్ (ఎరుపు) రంగు. వెర్మీర్ వాడింది సీసపు తెలుపు. అది విషం కాబట్టి టైటానియం వైట్ వాడాను. దీని బలం చాలా ఎక్కువ. అనుకున్న దాంట్లో సగమే కలపాలి, లేకపోతే ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది. నీడ కోసం చర్మపు రంగులో నలుపు కలిపితే బూడిదగా మారుతుంది. దానికి బదులు అక్కడ రంగు పలుచగా రాసి, కింది గోధుమ పొరను కనబడనివ్వాలి. అంచులు పచ్చిగా ఉన్నప్పుడే పొడి మెత్తటి బ్రష్‌ను అంచు వెంట కాకుండా దానికి అడ్డంగా, ఆనీ ఆననట్టు లాగాలి.

వెనక నలుపు దగ్గరే చాలా నకళ్లు పాడవుతాయి. ఇప్పుడు నల్లగా కనిపిస్తున్నది ఒకప్పుడు ఆకుపచ్చ తెర. ముదురు పొర మీద నీలిమందు, వెల్డ్ అనే మొక్క పసుపు కలిపిన పారదర్శకమైన పూత వేశాడు. ఆ రంగులు కాలక్రమంలో వెలిసిపోయాయి. నేను ఆకుపచ్చే వేశాను, అదే న్యాయం అనిపించింది. ప్రష్యన్ బ్లూ, పారదర్శక పసుపు, కొద్దిగా అవిసె నూనె. ఈ పూత కింద అడుగున వేసే నలుపు, ఐవరీ బ్లాక్, చాలా నెమ్మదిగా ఆరుతుంది. అది ఆరకముందే పూత వేస్తే పైపొర ముందు బిగుసుకుని పగుళ్లు తీస్తుంది. అందుకే అడుగు నలుపులో త్వరగా ఆరే అంబర్ సగానికి సగం కలిపాను. అయినా గోరు దిగనంత గట్టిపడేదాకా ఆగాల్సిందే.

ముత్యం చివర్లో. గుండ్రం గీయకూడదు. దానికి కొక్కెం కూడా లేదు. మెడ నీడ మీద పలుచటి బూడిద రంగు, పైన ఎడమవైపు ఒక్క దట్టమైన తెల్ల చుక్క, కింద తెల్ల కాలర్ ప్రతిబింబంగా మసక మెరుపు. అంతే ముత్యం. చెడితే టర్పెంటైన్ తడి గుడ్డతో తుడిచేయొచ్చు, కింద పొర పూర్తిగా ఆరి ఉంటేనే.

పాత పుస్తకాల్లోని ప్రింట్లు నమూనాగా పెట్టుకోకండి. వాటిలో ముత్యం మీద ఇంకో మెరుపు కనిపిస్తుంది. అది ఊడి అతుక్కున్న రంగు పెచ్చు, 1994లో బాగుచేసినప్పుడు తీసేశారు. పెదవి మూలన ఉన్న చిన్న లేత చుక్క అప్పుడే బయటపడింది.