షావుకారు పోయాక కొట్టు కాగితాలు: పర్లాకిమిడి అనుభవం

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న పర్లాకిమిడి బజారులో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన షావుకారు గారు పోయి ఏడాదైంది. ఆ కొట్టు లెక్కలు రాసేది నేనే. ఆయన పోయిన రోజు నుంచి చిన్నబ్బాయి పేరు మీద కొట్టు మళ్లీ లేచేదాకా ఎనిమిది నెలలు పట్టింది. అందులో మూడు నెలలు మేం వరస తప్పడం వల్ల పోయినవే. ఒడిశా వైపు కొట్లున్న మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి రోజు చెయ్యాల్సిన పని ఎవరికీ తోచదు. గల్లాపెట్టె మీదా, తలుపు మీదా అతికించిన క్యూఆర్ కాగితాలు పీకెయ్యాలి. కొట్టు మూసి ఉన్నా, పెద్దాయన బాకీ ఉంచుకోకూడదని జనం స్కాన్ చేసి పంపేస్తారు. ఆ డబ్బు పోయినాయన ఖాతాలో పడుతుంది. బ్యాంకుకి కబురు చేరాక ఖాతా ఆగిపోతుంది, అందులో ఉన్నది నామినీకో వారసులకో క్లెయిము తేలేదాకా రాదు. మాకు పద్దెనిమిది వేలు అలాగే ఇరుక్కుంది. ఏటీఎం పిన్ను తెలుసు కదా అని కొడుకులు తీసెయ్యడం ఇంకా తప్పు, తర్వాత పంపకాల దగ్గర ఆ చీటీయే గొడవకి మూలం అవుతుంది. టోకు వ్యాపారులకి ముందు తేదీలు వేసి ఇచ్చిన చెక్కులుంటే, బ్యాంకుకి చెప్పేముందే వాళ్లకి ఫోన్లు చేసి వెనక్కి తెచ్చుకోండి. ఆయన ఫోను సిమ్ము మాత్రం రీఛార్జి చేస్తూనే ఉండాలి, జీఎస్టీ ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి.

మరణ ధ్రువపత్రం దగ్గర సరిహద్దు తిప్పలు మొదలవుతాయి. ఆయన పోయింది విశాఖలో, ఆసుపత్రిలో. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు, ఊరు ఒడిశా అయినా సరే. కాబట్టి పత్రం విశాఖ నగరపాలక సంస్థ ఇచ్చింది. ఆసుపత్రిలో జరిగితే కబురు వాళ్లే పంపుతారు. ఇంట్లో పోతే ఇంటి పెద్ద 21 రోజుల్లోపు చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ రుసుము, పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు.

ఆసుపత్రి ఫారంలో పేరు రాయించేటప్పుడు ఆధార్ కార్డు ముందు పెట్టుకోండి. మనం ఇంటిపేరు ముందు పెట్టి పొడి అక్షరంగా రాస్తాం. ఒడిశా కాగితాల్లో పేరు ముందు, ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది. విశాఖ ఆసుపత్రి గుమాస్తా అలవాటు కొద్దీ ఆంధ్రా పద్ధతిలో రాశాడు. పాన్‌లో ఒకలా, పట్టాలో ఒకలా, పత్రంలో ఇంకోలా. తహసీల్దారు ఆఫీసులో ఈ ముగ్గురూ ఒకరేనా అన్నారు. పత్రంలో తప్పు దిద్దాలంటే నమోదు చేసిన రిజిస్ట్రారే దిద్దాలి, అంటే మళ్లీ విశాఖ. నెల రోజులు ఇక్కడే పోయాయి. పైగా తెలుగు పేరు ఒడియాలో రాస్తే ఎ, ఏలకి తేడా ఉండదు, ఒ, ఓలకీ అంతే. అందుకని ఇంగ్లీషు స్పెల్లింగు అన్ని చోట్లా ఒక్కటే ఉండేలా చూసుకోవాలి. అసలు కాపీలు పది తీసుకున్నాం, ఏడు ఖర్చయ్యాయి.

వారసత్వ ధ్రువపత్రం మాత్రం కుటుంబం ఉండే చోటే, అంటే ఇక్కడి తహసీలులో. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చి ఇరుగుపొరుగుని విచారిస్తాడు. ఇందులో ఎవరినీ వదలకూడదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే తల్లి, అందరివీ సమాన వాటాలు. ఆంధ్రా వైపు పాతపట్నంలో కాపురమున్న కూతురికి ‘ఇచ్చేశాం కదా’ అని పేరు మానేద్దామన్నారు. మంచంలో ఉన్న తొంభై ఏళ్ల తల్లి సంగతి అసలు ఎవరికీ గుర్తులేదు. ఇద్దరినీ చేర్పించాం. ఆ తర్వాత కొట్టు చిన్నబ్బాయి నడుపుకోడానికి మాకు అభ్యంతరం లేదని మిగతా అందరూ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టారు, ముసలమ్మ వేలిముద్ర వేసింది.

ఇక జీఎస్టీ. సొంత వ్యాపారం నంబరు మనిషి పాన్ మీద ఉంటుంది కాబట్టి కొడుకు పేరుకి మారదు. కొత్తది తీసుకోవాల్సిందే. మా షావుకారు పాతపట్నం చిల్లర కొట్లకి బస్తాలు పంపేవాడు. అది రాష్ట్రం దాటిన అమ్మకం, అందుకే ఆయనకి కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) కుదరలేదు, మామూలు రిజిస్ట్రేషనే. క్రెడిట్ లెడ్జరులో (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను, మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునేది) నలభై ఒక్క వేలుంది. మాకు దొరికిన కన్సల్టెంటు ముందు పాత నంబరు రద్దు చేసేద్దామని ఫారం నింపేశాడు. సబ్మిట్ నొక్కేముందు ఆపాం, లేకపోతే ఆ నలభై ఒక్క వేలూ గోవిందా.

సరైన వరస ఇది. ముందు వారసుడి పేరున కొత్త రిజిస్ట్రేషన్, కారణం దగ్గర ‘యజమాని మరణం’ అని ఎంచుకోవాలి. 30 రోజుల్లోపు పెడితే వారసత్వం వచ్చిన తేదీ నుంచే చెల్లుతుంది. ఆ తర్వాత పాత నంబరు నుంచి ఆ క్రెడిట్‌ని మార్చే ఐటీసీ-02 ఫారం, దానికి సీఏ సర్టిఫికెట్ జతచెయ్యాలి, కొత్త నంబరులోకి వెళ్లి ఒప్పుకోవాలి. అప్పుడు ఆర్ఈజీ-16 ఫారంతో పాత నంబరు రద్దు. చివర్న జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను, రద్దయ్యాక మూడు నెలల గడువు. పాత రిటర్నులు ఒక్కటి బాకీ ఉన్నా ఏదీ కదలదు. లాగిన్ దొరక్కపోతే మరణ పత్రం, వారసత్వ పత్రం పట్టుకుని జీఎస్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్తే ఫోను నంబరు, ఈమెయిలు మార్చి కొత్త పాస్‌వర్డు ఇప్పిస్తారు. పాత బకాయిలుంటే కొట్టు నడిపే వారసుడి మీదికి వస్తాయి, 2019 మార్చి 28 నాటి 96వ నంబరు సర్క్యులర్‌లో ఇదంతా ఉంది. ఆదాయపు పన్ను రిటర్ను పోయిన తేదీ వరకు ఆయన పాన్ మీదే, వారసుడు పోర్టల్లో ప్రతినిధిగా నమోదై వెయ్యాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, అరువు పుస్తకం ఒక ఎత్తు.

పొడుగాటి, ఎర్ర గుడ్డ అట్ట పుస్తకాలు మూడు. చదివింది ఒడియా మీడియం కాబట్టి చిన్నబ్బాయికి తెలుగు కూడబలుక్కుంటే గానీ రాదు, తండ్రేమో అంకెలు కూడా తెలుగులో వేశాడు. పేర్లు లేవు. ‘గుడి వెనక టైలరు’, ‘జీడితోట మేస్త్రీ’, ‘సంతకొచ్చే పెద్ద ముక్కుపుడక’. ‘కం.ప.’ అంటే కందిపప్పు. ‘చోళ్లు 1 అడ్డ’ అంటే రెండు మానికల రాగులు, అంటే నాలుగు తవ్వలు. ఇవన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే, షావుకారమ్మ. ఆవిడ పక్కన కూర్చుంటే నాలుగు రోజుల్లో 214 ఖాతాలూ తెల్ల కాగితం మీదికెక్కాయి. తీరిపోయిన పద్దుకి అడ్డగీత. కొన్నిటి చుట్టూ సున్నా చుట్టి ఉంది, పదిహేడు. ఇవేంటమ్మా అంటే, ‘అవి అడగొద్దు బాబూ, ఆయన వదిలేసినవి’ అంది. పెద్దబ్బాయి గొణిగాడు గానీ అడగలేదు.

వసూలుకి ఎవరినీ పంపలేదు. పెద్దకర్మ అయిన మర్నాటి నుంచే జనం వాళ్లంతట వాళ్లు వచ్చారు. కొండల్లో ఉండే సవరవాళ్లు చింతపండు దిగాక, జీడిగింజలు అమ్మాక ఇస్తామన్నారు, ఆయనతోనూ వాళ్ల లెక్క అంతే. వచ్చినవాళ్లకి పద్దు వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి, ఒప్పుకుంటే తేదీతో సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. సరుకు బాకీకి కాలదోషం మూడేళ్లు, అది పట్టకముందే తీసుకున్న సంతకం మళ్లీ మూడేళ్లిస్తుంది. తగువుపడి కోర్టుకెక్కాలంటే పోయినాయన బాకీకి జిల్లా కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి, ఎనిమిది వందల పద్దు కోసం అది తేవడం తెలివితక్కువ.

బీరువాలో మూటలు కూడా దొరికాయి, తొమ్మిది. కొండవాళ్లు, బట్టలుతికే ముసలమ్మ, ఒక హోంగార్డు ఆయన దగ్గర దాచుకున్న డబ్బు. ప్రతి మూటలో చీటీ. ఇది ఆస్తి లెక్కలోకి రాదు, పంపకాలకంటే ముందే ఇచ్చెయ్యాలి. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట మూట విప్పించి, వాళ్లచేతే లెక్కపెట్టించి, రసీదు తీసుకున్నాం. ఒక మూటలో చీటీలో రాసినదాని కంటే రెండు వందలు ఎక్కువుంది. ఎందుకో తెలీలేదు, మూటగలాయనకే ఇచ్చేశాం.

సరుకు లెక్క పోయిన తేదీ నాటికి కావాలి. కొట్టు పదకొండు రోజులు మూసి ఉంచితే ఆ లెక్క ఎలకలు రాస్తాయి. రెండో రోజే బంధువుల్లో ఇద్దరు లోపలికెళ్లి ఉల్లి, బంగాళాదుంపలు తీసెయ్యాలి, విడి బస్తాలు తూచాలి. గోనె బరువు ఆరు వందల గ్రాములకి అటూఇటూ ఉంటుంది, అది తియ్యకపోతే యాభై బస్తాలకి ముప్పై కిలోల అబద్ధం తేలుతుంది. వానాకాలం కాబట్టి బెల్లం కారింది, రవ్వ పురుగు పట్టింది. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ కంపెనీది, పంపకాల్లో రాసేసుకోకండి.

ఆహార లైసెన్సుకి మాత్రం ఊపిరి పీల్చుకునే వీలుంది, యజమాని పోయాక 90 రోజులు అదే చెల్లుతుంది, ఈలోగా దరఖాస్తు పెట్టుకుంటే చాలు. ఎలక్ట్రానిక్ కాటా ముద్ర ఏడాదికోసారి వేయించాలి, ఆ సందట్లో మాకు గడువు దాటిపోయింది.

చివరి పని బోర్డు. కొట్టు ముందు బోర్డు మీద జీఎస్టీ నంబరు ఉండాలని నిబంధన. ఒడిశా కోడు 21తో మొదలయ్యే పాత నంబరు చెరిపించి, మళ్లీ 21తోనే మొదలయ్యే కొత్తది రాయించాం. పైన షావుకారు గారి పేరు వ్యాపారం పేరుగా ఉంచుకోవచ్చు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు, పెయింటరు రంగు మాత్రం ఇంకో పూత వేశాడు.