నక్క ఎవరిది?

వేటగాళ్ల తగువులు అనగానే నాకు 1805 నాటి న్యూయార్క్ కేసు గుర్తొస్తుంది. పోస్ట్ అనే ఆయన కుక్కల్ని వదిలి నక్కను తరుముతుంటే, అది తెలిసి కూడా పియర్సన్ మధ్యలో దూరి, ఆయన కళ్ల ముందే దాన్ని చంపి ఎత్తుకుపోయాడు. ఆ పని మర్యాద కాకపోవచ్చు గానీ తరిమినంత మాత్రాన నక్క సొంతం కాదని కోర్టు పియర్సన్‌కే ఇచ్చింది. లివింగ్‌స్టన్ అనే జడ్జి ఒప్పుకోలేదు, నాకూ మనసు అటే లాగుతుంది, కానీ మెజారిటీ జడ్జీలు మనిషి తీరును పక్కనపెట్టి నక్క ఎవరి చేతికి చిక్కిందో చూశారు చూడండి, అది నాకు చేతకాలేదు.

మా ఊరి చెరువు గట్టు మీద ఒక కొర్రమీను కోసం ఇద్దరు కొట్టుకుంటే, "వాడు పోయినేడు వల ఎత్తుకెళ్లినోడేగా" అని అందరితో పాటు నేనూ అనేశాను. చేప నోట్లో ఇంకా నీలం దారం వేలాడుతోంది. ఆ దారం వాడిదే.